బ్రెక్లుం - సముద్రపు గట్టు వెనుక ఊరు



ఈ శీర్షికలో మనము ఎక్కువగా బైబిలులో కనబడు ఊళ్లనే చూచుకుంటూ వచ్చాము. ఈ నెల బైబిలులో ఎక్కడా లేని ఊరు ఒకటి తీసుకుంటున్నాను. అది జర్మనీ దేశపు ఉత్తరపు కొసలో, సముద్రమునకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. జనాభా ఇంచుమించు 2,300. మన లెక్కలో ఒక పంచాయతీ పాటి ఊరు. పేరు బ్రెక్లుం. సాలూరు, పార్వతీపురం ప్రాంతపు లూథరన్ కుటుంబాలవారు ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం వైపు బాప్టిస్టు సంఘాలవారికి కెనడా దొరల సంగతులు తెలిసినంతగా ఇది తెలియకపోవచ్చు.

మా చిన్నతనములో కోతల పండుగ నాడు గుడి ముందర వేలము పాట జరిగేది. చోళ్లు, కందులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు, ఒక్కొక్కసారి మేకపిల్ల. ధర పెరగకపోతే పాట పాడించే పెద్దాయన “ఇక బ్రెక్లుంకి ఉత్తరం రాయాల గావాల!” అని అందరినీ నవ్వించేవాడు. బ్రెక్లుం అంటే ఎవరో డబ్బున్న దొర పేరనుకునేవాడిని. ఒకనాడు మా మామ్మను అడిగాను.

“దొర కాదురా నాయినా, ఊరు. దొరలందరూ ఆ ఊరినుంచే వచ్చినారంట. అక్కడ సముద్రం ఊరి కంటె మీదుంటాదంట. దొరసానమ్మ చెప్పీది” అన్నది.

సముద్రము ఊరి కంటె పైన ఉండుట ఏమిటి, మామ్మ ఏదో కలిపి చెబుతున్నదనుకున్నాను. చాలా యేండ్ల తరువాత ఆ దేశపు పటమును, దాని గురించిన పుస్తకములను చూచినప్పుడు ఆమె మాట ఇంచుమించు నిజమేనని తెలిసింది.

పటము ఉంటే తెరవండి. జర్మనీకి పైన డెన్మార్కు దేశము. ఈ రెండింటి నడుమ, పడమట ఉత్తర సముద్రము, తూర్పున బాల్టిక్ సముద్రము ఉండగా, మెడవలె సన్నని భూభాగము కనబడుతుంది. అదే ష్లేస్విగ్-హోల్‌ష్టైన్ రాష్ట్రము. హాంబర్గు మహానగరములో రైలెక్కి ఉత్తరముగా రెండు గంటల పైచిలుకు పోతే హుసుం అనే రేవు పట్టణము, దాని తరువాత బ్రెడ్‌ష్టెట్ అనే చిన్న పట్టణము వస్తాయి. బ్రెడ్‌ష్టెట్‌కు ఆనుకొని ఉత్తరమున ఉన్నదే బ్రెక్లుం. అది నార్డ్‌ఫ్రీస్‌లాండ్ జిల్లాలోనిది. ఊరికి ఎన్నుకున్న సభ్యుల సభ ఉన్నది, జీతము లేకుండ పనిచేసే మేయరు ఉన్నాడు. ఆఫీసు పని అంతా చుట్టుప్రక్కల ఊళ్లతో కలిపి బ్రెడ్‌ష్టెట్‌లో జరుగుతుంది. మనకు పంచాయతీ, మండలము ఉన్నట్టే అనుకోండి.

నేల అంతా చాప పరచినట్టు బల్లపరుపు. పొరుగు ఊరిలో ష్టోల్‌బెర్గ్ అనే కొండ ఒకటి ఉన్నది. ఎత్తు ఇంచుమించు 44 మీటర్లు! సాలూరులో నిలబడి పడమటికి చూచేవాడు దానిని కొండ అంటాడా? మెట్టు అంటాడు. అటువంటి నేల మీద పుట్టి పెరిగిన మనుష్యులు మన కనుమలెక్కి కోరాపుట్టు చేరారన్నది జ్ఞాపకముంచుకోండి, మళ్లీ ఆ సంగతికి వస్తాను.

ఊరికి రెండు రకముల నేల ఉన్నది. తూర్పు ప్రక్క కొంచెము మెరక, ఇసుక నేల. దానిని వారు గేస్ట్ అంటారు. పంట తక్కువ. పడమటి ప్రక్క పల్లము, నల్లని జిగట బంక నేల. దానిని మార్ష్ అంటారు. అది సముద్రము తెచ్చి పోసిన ఒండ్రు. బంగారము పండుతుంది. కాని అది పూర్వము సముద్రపు ఆటుపోటులలో మునిగి తేలిన బురద. అడ్డముగా గట్టు వేసి, తూములు పెట్టి, పోటు వచ్చినప్పుడు తూము మూసి, ఆటు సమయములో తెరచి లోపలి నీరు బయటకు వదలి, తరతరములు కష్టపడి సంపాదించుకున్న భూమి. ఇప్పుడు బ్రెక్లుంనుండి సముద్రపు గట్టు వరకు సుమారు పది కిలోమీటర్ల దూరము. పూర్వము ఇంత దూరము లేదు, నీరు మెరక అంచు వరకు వచ్చేది. గట్టు లోపలి ఆ పల్లపు నేలలో చాలా భాగము పెద్ద పోటు వచ్చిన వేళ బయటి నీటి మట్టము కంటె క్రిందనే ఉంటుంది. మామ్మ చెప్పినది అదే.

మెరక మీదివారు పేదలు, పల్లములోనివారు కలవారు. బ్రెక్లుం గుడి ఈ రెండు నేలల అంచున నిలిచి, సుమారు 800 యేండ్లుగా ఇద్దరికీ గంట కొడుతూ వస్తున్నది.

ఆ గట్టు సంగతి కొంచెము నిదానముగా చెప్పాలి. మన పెద్దలు చెరువు గట్టు తెగితే ఇంటికొక మనిషి చొప్పున తట్ట, పార పట్టుకొని వెళ్లినట్టే అక్కడ కూడ గట్టు పని ఊరందరిది. అయితే వారు దానిని మాట మీద వదలలేదు. ఎవరి పొలము ఎంతో, దానికి తగినట్టు గట్టులో ఎవరి వంతు ఎంత పొడవో కొలచి పుస్తకములో వ్రాసేవారు. నీ వంతు నీవు బాగుచేయలేకపోతే నీ పారను తెచ్చి నీ వంతు గట్టులో గుచ్చి వదలివేయాలి. అంటే, ఇక ఈ భూమి నాది కాదు అని ఒప్పుకున్నట్టు. ఆ పారను పెరికినవాడిది ఆ పొలము, ఆ బాధ్యత కూడ వాడిదే. పార గుచ్చినవాడు పెళ్లాము పిల్లలతో, చేతికి దొరికిన సామానుతో ఊరు విడవాలి. కఠినమైన చట్టమే. కాని ఒకని వంతు బలహీనమైతే సముద్రము అక్కడినుండే వచ్చి అందరినీ ముంచుతుంది గనుక ఊరు దానిని ఒప్పుకున్నది.

ఎంత జాగ్రత్తపడినా సముద్రము ఊరుకోలేదు. 1362వ సంవత్సరపు ఉప్పెనలో రుంగ్‌హోల్ట్ అనే వర్తకపు రేవు ఊరు నీటిలో కలిసిపోయింది. 1634లో వచ్చినది మరీ ఘోరము. అప్పటి పంచాంగము ప్రకారము అక్టోబరు 11, 12 తేదీల నడిమి రాత్రి. బ్రెక్లుంకు ఎదురుగా సముద్రములో ష్ట్రాండ్ అనే పెద్ద దీవి ఉండేది. ఆ ఒక్క రాత్రిలో అది ముక్కలై, పెల్‌వోర్మ్, నార్డ్‌ష్ట్రాండ్ అనే రెండు దీవులు, కొన్ని చిన్న దిబ్బలు మాత్రము మిగిలాయి. ఆ తీరమంతటా ఎనిమిది వేలకు పైగా మనుష్యులు చనిపోయారని లెక్కకట్టారు. పశువులకు లెక్క లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటిన సంగతి మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్దానములో ఒక తరము పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలమీద పడిపోయాయి. అదే తేదీ. ఇందులో ఏదో గూఢార్థమున్నదని నేను అనను, ఆశ్వయుజమాసపు గాలులంటే మన తీరములో భయపడినట్టే శరత్కాలపు గాలులంటే అక్కడివారికి కూడ భయమేనని మాత్రము అంటాను.

ఆ ఉప్పెన తరువాత జరిగినదే నా మనస్సును ఎక్కువగా కలచినది. నార్డ్‌ష్ట్రాండ్‌లో బ్రతికి బయటపడినవారికి గట్టు తిరిగి వేసే శక్తి లేకపోయింది. మనుష్యులు లేరు, పశువులు లేవు, డబ్బు లేదు. అప్పుడు అక్కడి గొట్టొర్ఫ్ ప్రభువు ఆ గట్టు చట్టమునే ఆధారము చేసుకొని 1652లో హాలండు దేశపు డబ్బున్న వారికి ఆ భూమి హక్కులు వ్రాసి ఇచ్చాడు. తరతరముల రైతులు తమ పొలములోనే పరాయివారయ్యారు. ఊరిని కాపాడుటకు పుట్టిన చట్టము బలవంతుని చేతిలో పడితే ఏమౌతుందో చూడండి. జలాశయముల క్రింద ఊళ్లు పోగొట్టుకొన్న మన వంశధార ప్రాంతపు కుటుంబాలకు ఈ బాధ ఇంకెవరూ వివరించనక్కరలేదు.

రాజుల సంగతి త్వరగా చెబుతాను. 1864 వరకు ఈ ప్రాంతము డెన్మార్కు రాజు క్రింద ఉండేది. ఆ యేడు యుద్ధములో డెన్మార్కు ఓడిపోయింది, 1867లో ప్రష్యా రాజ్యములో కలిపారు, 1871లో అది జర్మనీ సామ్రాజ్యమైనది. ఊరు కదలలేదు, రాజులే మారారు. మన సాలూరు సంగతి కూడ అంతే కదా. విశాఖపట్నం జిల్లాలో ఉన్నది, 1950లో శ్రీకాకుళం జిల్లాలోనికి వచ్చింది, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం. వేగావతి మాత్రము ఆ చోటనే పారుతున్నది. భాషలు కూడ అటువంటివే. మన సాలూరు సంతలో తెలుగు, ఒడియా, కొండవారి భాషలు కలిసి వినబడినట్టు అక్కడ జర్మను, పల్లె జర్మను, డేనిష్, ఫ్రీసియను అని నాలుగు భాషలు. ఫ్రీసియను మాట్లాడేవారు ఇప్పుడు కొన్ని వేలమందే మిగిలారు. ఆ భాషను కాపాడుటకు బ్రెడ్‌ష్టెట్‌లో ఒక సంస్థ పనిచేస్తున్నది.

ప్రష్యా వచ్చిన తరువాత యువకులకు సైన్యములో నిర్బంధపు చాకిరీ వచ్చింది. మెరక నేలలో పంట చాలదు. వేలమంది ఓడలెక్కి అమెరికా వెళ్లిపోయారు. మన తాతలు రంగూను వెళ్లినట్టు. ప్రతి ఇంటిలో ఒక ఖాళీ కుర్చీ ఉన్న అటువంటి కాలములో, 1873లో, బ్రెక్లుంకు ఒక కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన పేరు క్రిస్టియన్ యెన్సెన్.

యెన్సెన్‌గారు దూరపువారు కారు. 1839లో ఆ తీరములోనే, ఫారెటోఫ్ట్ అనే పల్లపు ఊరిలో పుట్టారు. ఊరక కూర్చునే మనిషి కారు. ఇంటింటికి వెళ్లే ఆదివారపు పత్రిక నడిపారు, పుస్తకాల అంగడి, అచ్చుకూటము పెట్టారు. 1876లో ఆ పల్లెలోనే ఒక మిషను సంఘమును స్థాపించి, మరుసటి యేడు మిషనరీలకు శిక్షణ ఇచ్చే పాఠశాల తెరిచారు. పెద్ద నగరములోని పెద్దలు ఇది నవ్వులాట అనుకొని ఉంటారు. రైల్వే స్టేషను కూడ లేని ఊరిలో ప్రపంచమంతటికీ మనుష్యులను పంపే పాఠశాలా! అమెరికాకు వలస వెళ్లినవారికి పాస్టర్లు ఆ ఊరినుండే వెళ్లారు. తరువాతి కాలములో చైనాకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లారు. మొట్టమొదట మాత్రము మన వైపే వచ్చారు.

ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? రాజు కాదు, ఏ కంపెనీ కాదు. పత్రిక చదివే పల్లెటూరి కుటుంబాలు. ప్రతి యేడు మిషను పండుగకు బండ్లు కట్టుకొని వచ్చేవారు. పల్లములోని కలవారు ఇచ్చారు, మెరక మీది పేదవారు కూడ ఇచ్చారు. మా గుడి ముందర గుమ్మడికాయ వేలము వేసిన పెద్దాయనకు ఈ సంగతి తెలిసి ఉంటే బ్రెక్లుంను అంత ధనవంతుల ఊరనుకొని ఎగతాళి చేసేవాడు కాడేమో.

1881లో ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అనే ఇద్దరు యువకులు బయలుదేరారు. రాజమండ్రిలో అప్పటికే పనిచేస్తున్న లూథరన్ మిషనరీల దగ్గర ఆగి, బస్తరు వెళ్లాలని జగదల్పూరు చేరారు. అక్కడి రాజు అనుమతి ఇవ్వలేదు. మన చరిత్రలో ఎన్ని సంగతులు ఇట్లా ఒక తలుపు మూసుకొనుట వలన జరిగాయో! వెనుకకు తిరిగి 1882లో కోరాపుట్టులో దిగారు. అప్పుడు కోరాపుట్టు జయపురం జమీనులోనిది, మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా క్రిందిది. పల్లమునుండి ఆ కొండలమీదికి పోవుటకు దారి సాలూరు కనుమ. సామాను, మందులు, ఉత్తరములు, కొత్తగా వచ్చే మనుష్యులు అందరూ సాలూరు మీదుగానే. అందుచేత కొద్ది యేండ్లలోనే సాలూరులో ఒక స్థలము, ఆ తరువాత పార్వతీపురంలో ఒకటి ఏర్పడ్డాయి. కొండ మీద ఒడియా, కొండ క్రింద తెలుగు. రెండూ నేర్చుకోవలసి వచ్చింది.

44 మీటర్ల గుట్టను కొండ అనుకున్నవారు కనుమలెక్కారు. వారిని కొండ బాధించలేదు, జ్వరము బాధించింది. మన్యపు జ్వరమునకు దోమ కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దానిని కనుగొన్నది 1897లో. అంతవరకు చెడుగాలి అనుకొని కిటికీలు మూసుకొని పడుకొన్నారు. కొందరు దొరలు, దొరసానులు, వారి పసిపిల్లలు ఈ కొండలలోనే మట్టిలో కలిశారు.

మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే చరిత్ర కాదు. వారు తెల్లవారి పాలన నీడలోనే వచ్చారు. మన పాటలను, మన వాయిద్యములను, మన పండుగలను అర్థము చేసికొనకుండ త్రోసివేసిన సందర్భములు ఉన్నవి. దొర ముందు కుర్చీలో కూర్చునే ధైర్యము ఉపదేశికి లేని కాలము చాలకాలము సాగింది. అయితే ఊరి బావి దగ్గరికి రానివ్వని కుటుంబాల పిల్లలకు పలక, బలపము ఇచ్చినది కూడ ఆ కాలమే. సాలూరులో కుష్ఠురోగులను చేర్చుకొన్న ఫిలదెల్ఫియా ఆసుపత్రి ఈ ప్రాంతమునకు ఎంత మేలు చేసినదో అక్కడ పుండ్లు కట్టించుకొన్నవారి బిడ్డలు చెప్పగలరు.

1914లో ఐరోపాలో యుద్ధము వచ్చింది. జర్మనులు ఇంగ్లీషువారికి శత్రువులు గనుక మన దొరలు కూడ శత్రువులయ్యారు. ఈ దేశములోని జర్మను మిషనరీలలో అనేకులను అహ్మద్‌నగర్ శిబిరములో ఉంచారు. తరువాత ‘గోల్కొండ’ అనే ఓడలో వారి దేశమునకు పంపివేశారు. గుడి, బడి, వైద్యము, అన్నీ ఒక్కసారిగా దిక్కు లేనివయ్యాయి. రాజమండ్రి వైపు పనిచేసే అమెరికా లూథరన్ మిషనువారు పైనుండి చూచుకున్నారు. 1920ల చివరి భాగములో గాని జర్మనులు తిరిగి రాలేదు. 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడింది. 1939లో మరల యుద్ధము, మరల శిబిరములు.

ఇక్కడ నాకు ఒక ప్రశ్న పుడుతుంది. అమెరికా దొరలు పైనుండి చూచారు, సరే. కాని ఆదివారము ఉదయము కొండ క్రింది ఊరిలో గంట కొట్టినది ఎవరు? చనిపోయినవారిని పాతిపెట్టినది, పిల్లలకు అక్షరములు దిద్దించినది, జీతము సరిగా రాని నెలలో కూడ పది మైళ్లు నడిచి వెళ్లి ప్రార్థన చేసినది ఎవరు? మన తెలుగు, ఒడియా ఉపదేశులు, బైబిలు స్త్రీలు. పోల్, బోత్‌మన్ అన్న పేర్లు నాకు పుస్తకములో దొరికాయి. కోట్‌పాడులోని వేదాంత కళాశాలకు యెన్సెన్‌గారి పేరే ఉన్నది. ఆ ఉపదేశుల పేర్లు నాకు ఏ పుస్తకములోనూ దొరకలేదు.

బ్రెక్లుం వైపు ఊళ్లు ఈ పేర్లు వ్రాయుట అనే పనిని ఎంత గట్టిగా పట్టుకున్నవో చెప్పాలి. గట్టు వంతుల పుస్తకము సంగతి చెప్పాను. గుడి పుస్తకము కూడ అటువంటిదే. ప్రష్యాలో 1874 వరకు పుట్టుక, పెండ్లి, మరణము వ్రాసే సర్కారు ఆఫీసు లేదు. పాస్టరుగారి రిజిస్టరే సర్కారు లెక్క. అమెరికా వెళ్లినవారి మునిమనుమలు నేటికీ ఆ రిజిస్టర్లలోనే తమ ముత్తాతలను వెదకుకుంటున్నారు.

ఆ పుస్తకము ఎంత పని చేయగలదో చూపే సంగతి ఒకటి ఆ జిల్లాలోనే జరిగింది. అది చెప్పుటకు ముందు చేదు సంగతి చెప్పాలి. 1932 జూలై ఎన్నికలలో జర్మనీలో హిట్లరు పార్టీకి సగమునకు పైగా ఓట్లు ఇచ్చిన ప్రాంతము ఈ ష్లేస్విగ్-హోల్‌ష్టైనే. మిషను పండుగకు వచ్చే రైతులే ఆ ఓట్లలో అనేకము వేశారు. బ్రెక్లుం అచ్చుకూటమునుండి మాత్రము 1935 మొదలుకొని నాజీల మతబోధకు ఎదురుగా సంఘ విశ్వాసమును వివరించే చిన్న పుస్తకములు వెలువడ్డాయి. కొందరు నిలబడ్డారు. అందరూ నిలబడలేదు.

1944 చివరిలో, యుద్ధము ఓడిపోతున్న వేళ, ఆ తీరములో ట్యాంకులకు అడ్డముగా కందకములు త్రవ్వించుటకు ఖైదీలను తెచ్చారు. డెన్మార్కు సరిహద్దు దగ్గర లాడెలుండ్ అనే పల్లెలో శిబిరము పెట్టారు. నవంబరు, డిసెంబరు నెలలలో, మోకాళ్ల లోతు చల్లని నీటిలో పని. తిండి లేదు. ఆరు వారములలో 300 మంది చనిపోయారు. వారిలో నూరుమందికి పైగా హాలండులోని పుట్టెన్ అనే ఒక్క ఊరి మగవారు. లాడెలుండ్ పాస్టరు యోహానెస్ మేయరుగారు వారిని గుడి ప్రక్క సమాధితోటలో పాతిపెట్టించి, ఒక్కొక్కరి పేరు కనుక్కొని గుడి పుస్తకములో వ్రాసిపెట్టారు. శిబిరములో వారికి అంకెలే గాని పేర్లు లేవు. యుద్ధము ముగిసిన తరువాత ఆయన ఆ కుటుంబాలకు ఉత్తరములు వ్రాశారు: మీ మనిషి ఇక్కడ ఉన్నాడు, ఇదిగో ఈ వరుసలో. కొద్ది యేండ్లకు పుట్టెన్ ఊరి విధవలు, బిడ్డలు ఆ సమాధుల దగ్గరికి వచ్చారు. ఈనాటికీ వస్తున్నారు. పేరు వ్రాసి ఉండకపోతే ఎక్కడికి వచ్చేవారు?

నేటి బ్రెక్లుం గురించి రెండు మాటలు. మిషను పని 1971లో హాంబర్గు కేంద్రముగా ఏర్పడిన పెద్ద సంస్థలోనికి చేరిపోయింది. పాత మిషను ఆవరణలో ఇప్పుడు యెన్సెన్‌గారి పేరుతో సభలకు, శిక్షణకు వచ్చేవారు బసచేసే గృహమున్నది. ఊరిలో మానసిక రోగుల ఆసుపత్రి ఉన్నది. గట్టు అవతలి బురద సముద్రము 1985 నుండి రక్షిత వనము, 2009లో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేరింది. వలస పక్షులు లక్షలుగా దిగుతాయి. మన తేలినీలాపురంలో, తేలుకుంచిలో చింతచెట్లమీద కొంగలు వాలితే ఊరివారు కాపాడుకున్నట్టే అక్కడ కూడ కాపాడుకుంటారు. గట్టుమీద గొర్రెలు మేస్తుంటాయి. అది ముచ్చటకు కాదు. గొర్రె గడ్డిని కొరికి, కాళ్లతో మట్టిని త్రొక్కి గట్టును గట్టిపరుస్తుంది. పల్లమంతటా పెద్ద పెద్ద గాలిమరలు కరెంటు తీస్తున్నవి. అనేకము రైతులే కలిసి పెట్టుకొన్నవి. ఊళ్లను ముంచిన ఆ గాలే ఇప్పుడు వారికి ఆదాయము.

ఇది వ్రాయుటకు ముందు, మన కొండల క్రింది సంఘము ఒకదానికి వెళ్లాను. ఊరి పేరు చెప్పను, అక్కడివారు చిన్నబుచ్చుకుంటారు. బాప్తిస్మముల రిజిస్టరు చూపమని పెద్దను అడిగాను. రేకు పెట్టెలోనుండి తీశారు. అడుగు భాగము చెద తినివేసింది. మొదటి పుటలో సగమే ఉన్నది. “ఉపదేశి” అన్న మాట, దాని తరువాత “పౌ” అన్న ఒక్క అక్షరము కనబడింది. పౌలో, పౌలయ్యో తెలియలేదు. క్రిందటేడు ఒక ముసలాయన పింఛనుకు వయస్సు రుజువు కావలసి వచ్చి ఈ పుస్తకమునకే వచ్చాడట. ఆయన పుట ఆ చెదలోనే పోయింది. పింఛను రాలేదు.

ఆ ఊరిలో ఎనభై దాటిన తల్లి ఒకామె ఉన్నది. చదువు రాదు. ఆమె తండ్రి చిన్నతనములో దొరలు లేని ఆ యేండ్లు చూచినవాడట. గుమ్మములో కూర్చొని, కాళ్లు చాపుకొని, తండ్రి తనకు చెప్పిన ఉపదేశుల పేర్లు, వారి భార్యల పేర్లు, ఎవరు ఏ ఊరినుండి వచ్చారో వరుసగా చెప్పింది. పదకొండు పేర్లు వ్రాసుకున్నాను. పన్నెండవది నాలుక చివరనే ఉన్నదిగాని రావడము లేదన్నది.

“ఇంకా ఉన్నారు నాయినా. ఉభాలు అయిపోయాక రా. అప్పుడు తీరుబడిగా చెప్పుతాను” అన్నది.